లైవ్ ఆల్బంకి స్టూడియోలో అతుకులు వేస్తే మోసమేనా?

డబుల్‌కిక్ దొర:
అమెరికన్ థ్రాష్ మెటల్ బ్యాండ్ స్లేయర్ వాళ్ళ లైవ్ ఆల్బం 'డికేడ్ ఆఫ్ అగ్రెషన్' (1991) నిన్న రాత్రి మళ్ళీ విన్నా. లండన్ వెంబ్లీ ఎరీనా, కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో, ఫ్లోరిడాలో లేక్‌లాండ్, ఈ మూడు చోట్ల రికార్డు చేసిన డబుల్ ఆల్బం. తర్వాత స్టూడియోలో గిటార్ గానీ గొంతు గానీ అతకలేదని దానికి పేరు. నా మాట ఒక్కటే: అతికితే దాన్ని లైవ్ అని అమ్మకూడదు. కాదనేవాళ్ళున్నారా?

గుంటూరు రిఫ్:
నేనున్నా. ఐరిష్ రాక్ బ్యాండ్ థిన్ లిజీ 'లైవ్ అండ్ డేంజరస్' (1978) సంగతేంటి మరి? ముప్పావు వంతు స్టూడియోలో చేసిందేనని నిర్మాత టోనీ విస్కాంటి, కాదు ముప్పావు వంతు లైవేనని బ్యాండ్ వాళ్ళు. ఎవరి లెక్క నిజమైనా, వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఫొటోకి ముందు మొహానికి కాస్త పౌడర్ రాసుకుంటే తప్పా అన్నా?

డబుల్‌కిక్ దొర:
పౌడర్ ఎవడు వద్దన్నాడు తమ్ముడూ, మొహమే మార్చేస్తే? పైగా అది థ్రాష్ కాదు, అంటే మెరుపు వేగంతో వాయించే మెటల్ కాదు. థ్రాష్‌లో పరీక్షంతా చేతులకీ కాళ్ళకీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'డికేడ్' విను, ఒక పక్క తీసెయ్. ఒక చెవిలో కెర్రీ కింగ్ గిటార్, రెండో చెవిలో జెఫ్ హానెమన్ గిటార్. ఒకడు తడబడితే కప్పడానికి రెండోవాడు ఆ పక్కన లేడు. 'ఏంజెల్ ఆఫ్ డెత్' పాటలో గిటార్లన్నీ ఆగిపోయి, డ్రమ్మర్ డేవ్ లొంబార్డో రెండు కాళ్ళతో కిక్ డ్రమ్స్ దంచే ఆ కొన్ని క్షణాలు వచ్చేసరికి నేను ఇప్పటికీ ఊపిరి బిగబడతా.

సికింద్రాబాద్ పిట్:
2012 అక్టోబర్‌లో బెంగళూరులో స్లేయర్‌ని చూశాను. డ్రమ్స్ లొంబార్డోవే, హానెమన్ బదులు గ్యారీ హోల్ట్. నేను నిలబడ్డ చోట ఒక గిటార్ వినపడనే లేదు. కిక్ డ్రమ్ మాత్రం గుండెల్లో కొట్టింది. ఎవరిదో మోచెయ్యి నా పక్కటెముకల్లో. తెల్లారేదాకా చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత. ఆ రాత్రిని మరిచిపోలేను. కానీ అక్కడ మైకు పెట్టి పడిందంతా అలాగే డిస్క్‌గా వేస్తే నేనే కొనను! అక్కడున్నవాళ్ళకి అనిపించింది ఇంట్లో వినేవాళ్ళకి అందాలంటే ఎవరో ఒకరు చెయ్యి పెట్టాల్సిందే.

డబుల్‌కిక్ దొర:
మిక్సింగ్ వేరు, మళ్ళీ వాయించడం వేరు అక్కా. వినపడని గిటార్‌ని పైకి లేపండి, నాకేం అభ్యంతరం లేదు. వాయించని గిటార్‌ని తెచ్చి పెట్టకండి.

గుంటూరు రిఫ్:
సరే, మీ స్లేయర్ 1984లో 'లైవ్ అన్‌డెడ్' వేసిందిగా! అందులో ఆ జనం కేకలు నిజమా, తర్వాత కలిపినవా అని ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. అది మీ ఇంట్లో ఉందా లేదా? నిజం చెప్పండన్నా.

డబుల్‌కిక్ దొర:
ఉంది. క్యాసెట్టు. రిబ్బన్ నలిగిపోయేదాకా విన్నా. కాకపోతే స్టూడియో ఆల్బంల వరసలో పెట్టుకున్నా.