హాపర్‌లో వదిలేసిన తుపాకి మందు ఏదో గుర్తులేదు, వాడొచ్చా?

విజయనగరం_కుర్రోడు:
సిరిమానోత్సవానికని ఊరొచ్చాను. ఉండేది టెక్సాస్‌లో. అక్కడ గ్యారేజీలో 9 ఎంఎం తూటాల ఖాళీ కేసుల్లో (పేల్చాక మిగిలే గొట్టాల్లో) మందు మళ్లీ నింపుకుని రేంజ్‌కి వెళ్తుంటాను. (మందంటే తుపాకి మందు. ఫోన్లో మాట్లాడుతుంటే విని నాన్న వేరే అనుకున్నారు.) నిన్న గంటస్తంభం దగ్గర టీ తాగుతుంటే గుర్తొచ్చింది, విమానం హడావిడిలో పౌడర్ మెజర్ (కేసుకింత అని మందు కొలిచి పోసే పరికరం) హాపర్, అంటే దాని పైన మందు పోసే గిన్నె, ఖాళీ చేయకుండా వచ్చేశానని. బెంచీ మీద రెండు డబ్బాలున్నాయి, ఏది పోశానో గుర్తులేదు. రెండింట్లోనూ మందు బూడిద రంగు చిన్న రేకుల్లాగే ఉంటుంది. బయల్దేరే ముందు రోజు తూకం కూడా 0.3 గ్రెయిన్ల (మందు తూచే చిన్న కొలత) తేడా చూపించింది. వెళ్లాక రంగు పోల్చి చూసుకుని వాడేస్తే పర్వాలేదా?

ఆమదాలవలస_హవల్దారు:
పారెయ్ తమ్ముడూ. కంటికి ఒకేలా కనబడే రెండు మందులు మండే వేగంలో చాలా తేడా ఉంటుంది. నెమ్మదిగా మండే దాని కొలతతో వేగంగా మండేది పోశావంటే ఛాంబర్ (తుపాకిలో తూటా కూర్చునే భాగం) పగిలి చేతిలోకొస్తుంది.

నేను ఆర్మీలో ఇరవై రెండేళ్లు ఆయుధాల స్టోర్లో చేశాను. అక్కడ తూటాలు మేం నింపం, ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. ఈ పని చూసింది రిటైరయ్యాక, నెవాడాలో మా అల్లుడి దగ్గర. ఆరు నెలలు పక్కన స్టూలు వేసుకు కూర్చున్నాను. అతని బెంచీ మీద ఎప్పుడూ ఒక్కటే డబ్బా. హాపర్ మీద ఆ మందు పేరు రాసిన టేపు. పనయ్యాక మిగిలింది అదే డబ్బాలో పోసేసి, హాపర్లోకి టార్చి వేసి చూస్తేగానీ లేవడు. ఓ రోజు మా అమ్మాయి భోజనానికి మూడుసార్లు పిలిచి తిట్టింది కూడా. అతను టార్చి మాత్రం మానలేదు.

తూకం తేడా అతనికీ వచ్చింది. కారణం నేనే పట్టుకున్నాను. ఏసీ గాలి తిన్నగా కాటా పళ్లెం మీద కొడుతోంది. మన బంగారం కొట్టులో తూచేటప్పుడు ఫ్యాన్ ఆపేస్తారు కదా, అదే సంగతి. కాటా కాసేపు ముందే ఆన్ చేసి, చెక్ వెయిట్ (బరువు ముందే తెలిసిన తూకంరాయి) పెట్టి చూసుకో. గ్రెయిన్ అంటే 0.065 గ్రాములే గానీ 9 ఎంఎం కేసు చిన్నది, అందులో 0.3 గ్రెయిన్లు లెక్కే. పౌడర్ మెజర్ మీట ప్రతిసారీ ఒకే ఊపులో తిప్పు, హాపర్ మరీ అడుగంటనివ్వకు. వేగంగా మండే మందైతే ఆ కేసులో రెండు మోతాదులు పట్టేస్తాయి, పైకి పొంగదు కాబట్టి తెలీదు. బుల్లెట్ కూర్చోబెట్టే ముందు కేసులన్నీ వరసగా నిలబెట్టి టార్చితో లోపలికి చూడు.

రాజాం_లాయరు:
ఇది చదివే ఇక్కడి కుర్రాళ్లకి ఒక్క మాట. తుపాకికి లైసెన్స్ ఉన్నంత మాత్రాన తూటాలు తయారు చేసే హక్కు రాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దానికి వేరే లైసెన్స్ కావాలి, లేకుంటే కేసే. టెక్సాస్ రూల్స్ టెక్సాస్‌లోనే.

విజయనగరం_కుర్రోడు:
మాస్టారూ, మొక్కలకి నీళ్లు పోసే ఫ్రెండ్‌ని పంపి ఫొటో తెప్పించాను. ఒక డబ్బాకి సీలే తీయలేదు! అంటే హాపర్లోది రెండోదే కదా? ఇప్పుడు వాడొచ్చేమో. హాపర్ ప్లాస్టిక్ మాత్రం లోపల మసకబారింది.

ఆమదాలవలస_హవల్దారు:
అది డబుల్ బేస్ మందు అయ్యుంటుంది. అందులో నైట్రోగ్లిసరిన్ ఉంటుంది, కొన్ని ప్లాస్టిక్‌లను తినేస్తుంది. రెండు డబ్బాలూ వాడినవేనన్నట్టు రాశావు, ఒకటి సీలుతోనే ఉంది. నీ జ్ఞాపకం సంగతి నీకే తెలిసింది. ఈ రెండూ కాక, ఈ మధ్య అయిపోయిన డబ్బా ఏదైనా ఉందా?

విజయనగరం_కుర్రోడు:
ఉంది. వచ్చే ముందు వారమే అయిపోయింది, డబ్బా చెత్తలో వేశాను. పారేస్తాను మాస్టారూ. ఎక్కడ పొయ్యాలి?

ఆమదాలవలస_హవల్దారు:
సింకులో వద్దు, చెత్తబుట్టలో వద్దు. హాపర్లో ఉన్నంతేగా, పెరట్లో గడ్డి మీద పల్చగా చల్లేయ్. అందులో నత్రజని ఉంటుంది, గడ్డికి మంచిదే. హాపర్ కూడా మార్చెయ్.