పైపు ఆర్గన్‌లో శ్రుతి జారడం: డొమినిక్ జుస్టెక్ వాయించే తీరు గురించి

స్వరజతి: జర్మనీలోని కొలోన్‌లో సాంక్ట్ పీటర్ చర్చిలో డొమినిక్ జుస్టెక్ చేసిన రికార్డింగులు వింటున్నాను. కొన్నిచోట్ల స్వరం, ఊపిరి అందక మూలిగినట్టు కిందికి జారిపోతోంది. ఎలక్ట్రానిక్స్ వాడారా? మామూలు ఆర్గన్ మీద ఇది సాధ్యమా?

మంద్రస్థాయి: ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదండీ, అంతా గాలి పనే. 1977లో బోఖుమ్‌లో పుట్టిన జుస్టెక్, 2007లో పీటర్ బారెస్ తర్వాత సాంక్ట్ పీటర్‌లో ఆర్గనిస్టు అయ్యారు. ఆ వాద్యం 2004లో విల్లి పీటర్ సంస్థ కట్టినది. కొత్త సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టారు కాబట్టి, గాలిని తగ్గించే ఏర్పాటూ జైలోఫోన్ లాంటి స్టాపులూ (ఒక్కో రకం నాదాన్ని ఎంచుకునే నాబులు) అందులోనే ఉన్నాయి. స్వరకర్తే వాయించేవాడు కావడం వల్ల ఆ వాద్యం చేయగలిగినదంతా ఆయన రచనల్లోకి వచ్చింది.

తిత్తిగాలి: మీది ట్రాకర్ ఆర్గన్ (కీలు పుల్లల ద్వారా నేరుగా వాల్వులను లాగేది) అయితే 8 అడుగుల (కీ స్థాయిలోనే పలికే) ఫ్లూట్ స్టాప్ ఒక్కటే బయటికి లాగండి. కీ నొక్కి ఉంచి, స్టాప్ నాబ్‌ను కొద్దికొద్దిగా లోపలికి తోయండి. పైపుల కింది చిల్లుల పట్టీ మూసుకునే కొద్దీ శ్రుతి దిగి, చివరికి గాలి చప్పుడే మిగులుతుంది.

కీతోనూ చేయొచ్చు, కానీ మెల్లగా నొక్కితే రాదు. గాలి ఒత్తిడి, పైపుకు గాలి వదిలే వాల్వును మూసి పట్టుకుంటుంది, అది వదిలేటప్పుడు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అందుకే పూర్తిగా నొక్కి, వేలిని మెల్లగా పైకి తీసుకురండి. సగం తెరిచిన వాల్వు దగ్గర వేలు నిలపడమే అసలు సాధన.

స్వరజతి: మా దగ్గరున్నది ఎలక్ట్రిక్ యాక్షన్ (కీ కరెంటుతో వాల్వును తెరిచేది) అండీ.

మంద్రస్థాయి: అయితే పై రెండూ పనిచేయవు, కాంటాక్టుకు సగం అనేది లేదు. కీలు నొక్కి ఉంచి, గాలి కొట్టే బ్లోవర్ ఆపి చూడండి. చాలా ఆర్గన్లలో యాక్షన్‌కు కరెంటిచ్చే రెక్టిఫయర్ కూడా బ్లోవర్ స్విచ్చుకే కలిపి ఉంటుంది. అలా ఉంటే స్వరం జారదు, టక్కున తెగిపోతుంది. ముందు అది కనుక్కోండి.

రీడు స్టాపులు (లోహపు నాలుక అదిరి పలికేవి) కలపకండి. గాలి తగ్గితే ఫ్లూట్ శ్రుతి దిగుతుంది, రీడు మాత్రం నాలుక పట్టుకున్న శ్రుతి దగ్గరే చాలాసేపు ఉండి చప్పున ఆగిపోతుంది. ఎక్కువ స్టాపులు లాగితే, గాలి నిల్వ ఉండే తిత్తి కొన్ని క్షణాల్లో ఖాళీ.

తిత్తిగాలి: ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1967లో హాంబర్గ్‌లో స్వరకర్త లిగెటి రచన 'హార్మోనీస్'ను తొలిసారి వాయించిన గెర్డ్ జాఖర్, బ్లోవర్‌కు బదులు వాక్యూమ్ క్లీనర్ మోటారుతో బలహీనమైన గాలి ఇచ్చారు. తిత్తి మీది బరువులు తీసినా ఒత్తిడి తగ్గుతుంది, కానీ అది ఆర్గన్ బిల్డరు చేతుల మీదుగానే జరగాలి.