నల్లరేగడి డొంకలో వీల్‌చైర్‌కి మోటారు తగిలిస్తే నడుస్తుందా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో మిరప వేసే ఊరు. మూడేళ్ల క్రితం నాన్న చింతచెట్టు మీద నుంచి పడ్డారు. నడుము కింద స్పర్శ లేదు, చేతులు మాత్రం గట్టివే. ఇంటి నుంచి చేను కిలోమీటరున్నర. సగం సిమెంటు రోడ్డు, మిగతాది ట్రాక్టరు జాడలు పడ్డ డొంక. మామూలు వీల్‌చైర్ ముందుచక్రాలు అరచేతంత ఉంటాయి కదా, మొదటి జాడలోనే దిగబడి కుర్చీ ముందుకు తూలింది. అప్పటినుంచి ఆయన చేను వైపు రాలేదు. నేను చేలో ఉంటే ఫోన్ చేసి "పూత నిలిచిందా?" అని అడుగుతారు, అంతే.

ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన నియోమోషన్ వాళ్ల నియోబోల్ట్ గురించి చదివాను. వీల్‌చైర్ ముందు తగిలించే మోటారు బండి, గంటకు 25 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. 2021లో వచ్చినప్పుడు ధర 55,000 రూపాయలు. గతుకుల దారిలోనూ నడుస్తుందంటున్నారు. నా అనుమానమల్లా, మోటారు ముందుచక్రానికి, మనిషి బరువేమో ఎక్కువగా వెనక. కాలవ గట్టు ఎక్కేటప్పుడు ముందుచక్రం ఊరికే గిర్రున తిరగదా? వాన పడ్డాక రేగడి మట్టి టైరుకి చుట్టుకుంటే పరిస్థితి ఏంటి?

పొలం దారిలో వాడినవాళ్లు ఉంటే చెప్పండి. ఇంకొకరి సాయం లేకుండా తగిలించుకోగలరా? ఇంకో టెన్షన్, స్పర్శ లేనివాళ్లకి కుదుపులకు ఒరుసుకుని పుండ్లు పడతాయట. మీరు ఏ రకం కుషన్ వేసుకుంటున్నారు? మిరప కోతలు మొదలయ్యేలోపు కొనాలని ఉంది.