మా లోకల్ కేబుల్ వార్తలు ఆగిపోయాయి: జనం వదిలేశారా, లాక్కున్నారా?

గౌతమి గట్టు:
అమలాపురం దగ్గర మా ఊరి కేబుల్ వార్తల ఛానెల్ 2003 పుష్కరాలప్పుడు మొదలై 2021లో మూతపడింది. మొన్న టీకొట్టు దగ్గర ఆ మాట వస్తే ఒకాయన, "ఫోన్లొచ్చాక జనం చూడటం మానేశారు, అందుకే పోయింది. పోవాల్సిందే కూడా" అన్నాడు. ఆ రెండు మాటలూ తప్పని నా నమ్మకం. మీరేమంటారు?

సాయంత్రం పావుగంట వార్తలు, రోజంతా కింద స్క్రోలింగ్. దాళ్వాలో (రెండో పంట కాలంలో) వంతులవారీగా ఏ కాలవకి ఎప్పుడు నీళ్ళు, లాకులు ఎప్పుడు మూస్తారు, ఏ లంకకి పడవ తిరగడం లేదు, ఎవరింట్లో దినం. 2004లో టీవీ9 ఇరవై నాలుగు గంటల వార్తలతో వచ్చింది గానీ, శివారు చేలకి నీళ్ళందకపోవడం హైదరాబాద్‌కి వార్త కాదు. మురుగు కాలవల్లో పూడిక తీయక చేలు మునుగుతున్నాయని మా ఛానెల్ ఏటా చూపించేది. 2011 సార్వాలో (వానాకాలం పంటప్పుడు) కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు వదిలేశాకే పెద్ద ఛానెల్ వ్యాన్‌ని మా ఊళ్ళో మొదటిసారి చూశాను.

వరదొస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం గంటగంటకీ వేసేవాళ్ళు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా అమ్మకి చదువు రాదు, అంకెలు మాత్రం తెలుసు. "పదమూడు దాటింది, గేదెల్ని గట్టెక్కించండి" అని అరుగు మీంచి కేకేసేది.

రొయ్యల చెరువు:
మీ అమ్మగారికి నమస్కారం. నా అనుభవం వేరు. పక్క చెరువువాళ్ళు మురికినీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలితే, ఒక లోకల్ ఛానెల్ కుర్రాడు కెమెరాతో నా దగ్గరికొచ్చాడు. "సంక్రాంతి యాడ్ ఇవ్వండి, లేకపోతే రాత్రికి మీ పేరే వేస్తాం" అన్నాడు. ఐదు వేలు ఇచ్చాను. పక్కవాళ్ళు అంతకుముందే ఇచ్చేశారని తర్వాత తెలిసింది. డ్రెయిన్ సంగతి మాత్రం ఎవరూ వేయలేదు. అలాంటివి మూతపడితే నేనెందుకు బాధపడాలి?

పాత లైన్‌మన్:
నేను ఇరవై ఏళ్ళు కేబుల్ పని చేశాను. ఎలా పోయిందో చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

అనలాగ్ రోజుల్లో కంట్రోల్ రూమ్ మాదే. పైన డిష్‌లు, లోపల ఒక్కో ఛానెల్‌కి ఒక మాడ్యులేటర్, అంటే ఛానెల్‌ని కేబుల్‌లోకి ఎక్కించే డబ్బా. ఒకదానికి ప్లేయర్ కలిపితే అదే లోకల్ ఛానెల్. మొదట్లో వార్తల క్యాసెట్లు బండి మీద ఊరూరి ఆపరేటర్‌కి ఇచ్చి వచ్చేవాణ్ణి. సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేస్తూ 2011లో చట్టం మార్చారు. అది నగరాల్లో మొదలై చివరి దశలో మన పల్లెలకి చేరింది. 2017 మార్చి ఆఖరుకి అనలాగ్ ఆపేయాలన్నారు. ఇక సిగ్నల్ ఎక్కడో దూరాన పెద్ద ఎంఎస్‌వో (ఊరూరి ఆపరేటర్లకి ఛానెళ్ళు పంపే కంపెనీ) హెడ్‌ఎండ్‌లో, అంటే వాళ్ళ కంట్రోల్ రూమ్‌లో, ఎన్‌క్రిప్ట్ అయి, తాళం వేసినట్టు వస్తుంది. మాకు మిగిలింది తీగ, నోడ్, నెలవారీ వసూళ్ళు. మా ఊరి వార్తలు మా ఊళ్ళో చూపించాలన్నా అక్కడ చోటు అడగాలి, డబ్బు కట్టాలి.

అదే ఏడాది డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోన్ అంది. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన కొత్త టారిఫ్ వచ్చింది. వంద ఛానెళ్ళకి 130 రూపాయలు, పన్ను అదనం, పే ఛానెళ్ళకి మళ్ళీ విడిగా. బిల్లు ఎందుకు పెరిగిందని ఇంటింటా నాతో గొడవే. 2020 లాక్‌డౌన్‌లో బట్టల కొట్లు, కాలేజీలు యాడ్లు ఆపేశాయి. దాంతో అయిపోయింది. చూసేవాళ్ళు లేకపోవడమేంటండీ, ఛానెల్ ఆగాక వారం రోజులు నా ఫోన్ మోగుతూనే ఉంది.

యానాం రేవు:
ఇప్పుడు ధవళేశ్వరం లెవెల్ నా ఫోన్‌కే వస్తోంది కదా. ప్రతి ఊరికీ వాట్సాప్ గ్రూపు, మండలానికి నాలుగు యూట్యూబ్ ఛానెళ్ళు. పావుగంట వార్తల కోసం సాయంత్రం దాకా ఆగడం ఎందుకు?

గౌతమి గట్టు:
రొయ్యల చెరువు గారూ, మీకు జరిగింది అన్యాయం, కాదనను. మా ఛానెల్‌లోనూ కుర్రాళ్ళకి జీతాలు ఉండేవి కాదు. లోగో చేతికిచ్చి యాడ్లు తెచ్చుకోమనేవాళ్ళు. రోగం అక్కడుంది. కానీ ఆ కుర్రాళ్ళు ఎక్కడికీ పోలేదండీ, ఇప్పుడు సొంత లోగోలతో తిరుగుతున్నారు. అప్పట్లో తప్పు వార్త వేస్తే కంట్రోల్ రూమ్‌కి వెళ్ళి ఓనర్ని నిలదీసేవాళ్ళం. మా నాన్న ఒకసారి వెళ్ళి, మర్నాడు సవరణ వేయించాడు. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళాలి?

యానాం తమ్ముడూ, 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో నెట్ ఆపేశారు, గుర్తుందా? రోజుల తరబడి గ్రూపు లేదు, యూట్యూబ్ లేదు. ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పారు. ఆ జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అర్ధరాత్రి మా గ్రూపులో గట్టు తెగిందని వీడియో వచ్చింది. అమ్మని మంచంతో సహా మోసుకుని మేడ ఉన్న ఇంటికి పరుగెత్తాం. తెల్లారాక చూస్తే అది ఎప్పటిదో, ఏ ఊరిదో. మా గట్టు మా గట్టులాగే ఉంది. లెవెల్ ఎంతుందో నీ ఫోన్ చెప్తుంది. ఏ గండి దగ్గర ఇసుక బస్తాలు వేస్తున్నారో ఆ రాత్రి మాకు చెప్పే మనిషి లేడు.

పాత లైన్‌మన్:
ఒక్క సంగతి. 2022 నవంబరులో కేంద్రం ఎంఎస్‌వోల సొంత ఛానెళ్ళకి నిబంధనలు పెట్టింది. ఛానెల్‌కి వెయ్యి రూపాయలు కట్టి ఎంఎస్‌వోనే రిజిస్టర్ చేయాలి. మా ఎంఎస్‌వోని రెండుసార్లు అడిగాను, వాళ్ళకి ఇష్టం లేదు. వరదల మూడు నెలలూ స్క్రోలింగ్ ఒక్కటి ఇవ్వమని మళ్ళీ అడుగుతాను. మీ ఊరి నుంచి ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో, సంతకాలు ఎవరు పెడతారో పంపండి.