స్పానిష్ మాతృభాష అయినవాళ్లు యూనివర్సిటీలో మళ్లీ స్పానిష్ ఏం చదువుతారు?

కావేరి_బీఏ:
స్పెయిన్‌లో నాలుగేళ్ల స్పానిష్ భాషా సాహిత్యాల డిగ్రీలో వ్యాకరణం, ధ్వనిశాస్త్రం, లాటిన్, భాషా చరిత్ర ఉంటాయి. చేరేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లే. మరి వాళ్లకు కష్టం ఎక్కడ? ఇక్కడ బీఏ స్పానిష్ చేసి వెళ్లి వాళ్ల పక్కన కూర్చునేవాళ్లు ముందే ఏం చూసుకోవాలి?

పదచ్ఛేదం:
కావేరి గారూ, వాక్యవిశ్లేషణ పేపర్‌తోనే కష్టం మొదలవుతుంది. పుట్టుభాష కదా అని చెవిని నమ్మి జవాబు రాస్తారు. అక్కడ అడిగేది రుజువు.

'మె గుస్తాన్ లోస్ లీబ్రోస్' (నాకు పుస్తకాలు నచ్చుతాయి) ఇస్తే, ఇష్టపడేది నేనే కదా అని 'మె'ను కర్త అనేస్తారు. పుస్తకాలను ఒక్క పుస్తకం చేసి చూడండి, క్రియ 'గుస్తా' అయిపోతుంది. క్రియ ఎవరి వచనాన్ని బట్టి మారిందో అదే కర్త, అంటే పుస్తకాలు. మనకు 'పుస్తకం నచ్చింది, పుస్తకాలు నచ్చాయి' అలవాటే కాబట్టి ఇక్కడ తెలుగువాళ్లదే పైచేయి.

'అబీయా మూచాస్ పెర్సోనాస్' (చాలామంది ఉన్నారు, గతంలో) దీనికి ఉల్టా. లాటిన్ అమెరికాలో, స్పెయిన్ తూర్పు తీరంలో చాలామంది 'అబీయాన్' అని బహువచనం చేస్తారు. ప్రామాణిక వ్యాకరణం ప్రకారం ఇక్కడ కర్తే లేదు, మనుషులు కర్మ. సర్వనామం పెడితే 'లాస్ అబీయా' వస్తుంది. 'లాస్' కర్మరూపం, అదే రుజువు.

మాద్రిద్ వైపు 'ఆమెకు చెప్పాను' అనడానికి 'లా దిహె' వినిపిస్తుంది. స్పానిష్ రాజ అకాడమీ (భాషా ప్రమాణాలు చూసే సంస్థ) ఒప్పేది 'లె దిహె', ఎందుకంటే 'లా' 'ఆమెను', 'లె' 'ఆమెకు'. కానీ 'అతన్ని చూశాను'కు 'లో వి'తో పాటు 'లె వి'ని కూడా ఒప్పుకుంటుంది. 'మా ఊళ్లో ఇలాగే అంటాం' అని రాస్తే అది మాండలిక సమాచారమే, విశ్లేషణ కాదు.

నొక్కుపలుకు:
పై జవాబుకు భాషా చరిత్ర పేపర్ కలుపుతాను. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే. లాటిన్ లేకుండా దీంట్లోకి దిగొద్దు.

లాటిన్ 'ఫూముమ్' స్పానిష్‌లో 'ఊమో' (పొగ), 'ఫీలియుమ్' 'ఈహో' (కొడుకు). మొదటి 'ఎఫ్' పోయింది, రాతలో 'హెచ్' మిగిలింది. సూత్రం దొరికిందనుకుని 'ఫోకుమ్'కూ అదే రాస్తే తప్పు, అది 'ఫ్వేగో' (నిప్పు). అడుగులన్నీ రాయాలి: చివరి 'మ్' పోవడం, చివరి 'ఉ' 'ఒ' కావడం, అచ్చుల మధ్య 'క' 'గ' కావడం, నొక్కి పలికే హ్రస్వ 'ఒ' విడిపోయి 'వే' కావడం. ఆ 'వే' ముందున్న 'ఎఫ్' నిలిచిపోయింది. మొదటి రూపం, చివరి రూపం మాత్రమే రాస్తే మార్కులు రావు.

'ప్వేదో' (నేను చేయగలను), 'పొదేమోస్' (మేము చేయగలం) తేడా కూడా ఆ 'ఒ'దే. రెండోదాంట్లో నొక్కు తర్వాతి అక్షరానికి జరిగింది కాబట్టి 'ఒ' విడిపోలేదు. స్పానిష్ పిల్లలు దీన్ని తప్పు లేకుండా పలుకుతారు, కారణం అడిగితే ఆగిపోతారు.

ధ్వనిశాస్త్రంలో 'దేదో' (వేలు) తీసుకోండి. విరామం తర్వాత వచ్చే మొదటి 'ద' గట్టిది. అచ్చుల మధ్య రెండోదాంట్లో నాలుక గాలిని పూర్తిగా ఆపదు. మాతృభాషవాళ్ల చెవికి రెండూ ఒకటే. ధ్వనిని బొమ్మగా చూపే, ఉచితంగా దొరికే ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే రెండోచోట ధ్వని తెగకుండా సాగుతుంది.

కావేరి_బీఏ:
ధన్యవాదాలండీ. సమయం ఎంత పడుతుంది? వ్యాసాలకు ఉదాహరణలు ఎక్కడ వెతకాలి?

కోశపాఠి:
డిగ్రీ 240 క్రెడిట్లు, క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు. అంటే 6 క్రెడిట్ల పేపర్‌కు కనీసం 150 గంటలు, సొంత చదువు కలిపి.

ఉదాహరణలు సొంతంగా అల్లకండి. అకాడమీ పాఠ్యనిధులు (నిజంగా వాడిన వాక్యాల్ని వెతికే పెద్ద సేకరణలు) నెట్‌లో ఉచితం: 1974 వరకు కోర్దే, 1975–2004కు క్రేయా, 2001 నుంచి కోర్పెస్. ప్రతి ఉదాహరణ పక్కన ఏడాది, దేశం రాయండి. నియమం కోసం 2009లో వచ్చిన అకాడమీ పెద్ద వ్యాకరణం చూడండి. ధ్వనుల సంపుటం 2011లో విడిగా వచ్చింది.