అప్‌డేట్: చింక్వే తెర్రె - కోర్నీల్యా, మనరోలా మధ్య దారి మూసి ఉంటే ఏం చేయాలి?

చింక్వే తెర్రె అంటే ఇటలీ సముద్రతీరంలోని ఐదు ఊళ్లు. వాటిలో కోర్నీల్యా, మనరోలాల మధ్య తీరం వెంబడి నడకదారి మూసి ఉండగా, ఈ రెండు ఊళ్ల మధ్య ఎలా నడవాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. కొండ మీదున్న వొలాస్త్రా అనే ఊరి మీదుగా వెళ్లమన్న సలహానే పనిచేసింది.

మనరోలా నుంచి వొలాస్త్రాకు చిన్న బస్సు ఉంది, చింక్వే తెర్రె కార్డు (అక్కడి నడకదారులకు, బస్సులకు పనిచేసే పాస్) ఉంటే అందులో విడిగా టికెట్ అక్కర్లేదు. వొలాస్త్రా దాదాపు 330 మీటర్ల ఎత్తులో ఉంది. మనరోలా నుంచి మెట్లన్నీ ఎక్కి వెళ్తే మోకాళ్లు అక్కడే అలసిపోతాయి, కాబట్టి బస్సే మేలు. అక్కడి నుంచి కోర్నీల్యాకు ద్రాక్షతోటల గట్ల మీదుగా గంటన్నర నుంచి రెండు గంటలు. చివర్లో రాళ్ల మెట్లు నిటారుగా దిగుతాయి, వాన పడితే జారతాయి. గట్టి పట్టున్న బూట్లు తప్పనిసరి. ఈ దారికి కార్డు అవసరం లేదు. కోర్నీల్యా-వెర్నాజా, వెర్నాజా-మొంతెరొస్సో దారులకు మాత్రం కావాలి. ఆ కార్డుల్లో ట్రెక్కింగ్ కార్డు అనే రకంలో రైలు కలవదు, రైలూ ఎక్కేవాళ్లు ట్రైన్ కార్డే తీసుకోండి.

పడవలో వెళ్లమన్న సలహా ఇక్కడ పనికిరాదు: కోర్నీల్యాకు రేవు లేదు. స్టేషన్ నుంచి ఊళ్లోకి కూడా 380కి పైగా మెట్లున్నాయి.

2012లో కొండచరియ పడి మూసేసిన వియా దెల్లామోరె అనే తీరపు నడకదారి 2024లో తెరుచుకుంది. కానీ అది రియోమజ్జోరె-మనరోలా మధ్య దారి, దానికి సమయం ముందే బుక్ చేసుకోవాలి.