అమెరికా అధ్యక్ష ఎన్నిక: పార్టీ టికెట్ ఎలా వస్తుంది, 270 ఎలక్టర్ ఓట్లు ఎలా తెచ్చుకుంటారు? దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి

కాకినాడ_కాజా:
అందరికీ నమస్కారం. నేను ఉండేది కాకినాడే, అక్కావాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. 2024 జూలై 21న బైడెన్ తప్పుకున్నాక కమలా హారిస్ అభ్యర్థి అయ్యారు కదా, ఆవిడ ఆ ఏడాది ఒక్క ప్రైమరీలోనూ (పార్టీ అభ్యర్థిని తేల్చడానికి రాష్ట్రాల్లో జరిగే ఓటింగ్) పోటీ చేయలేదు. మరి ఎలా? మన దగ్గరైతే హైకమాండ్ పిలిచి బీ-ఫారం చేతిలో పెడుతుంది, గొడవ లేదు. అక్కడ బీ-ఫారం ఎవరిస్తారు? ఇంకోటి, 2016లో హిల్లరీకి 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చి కూడా ఓడిపోయారు. వికీపీడియా చదివాను, బుర్రకెక్కలేదు. అక్కడ ఉండి చూసినవాళ్లు చెబితే బాగుంటుంది.

డిమోయిన్_బాబాయ్:
బీ-ఫారం ఇచ్చేవాడు ఇక్కడ లేడు నాయనా. ఎవరైనా నిలబడొచ్చు, పార్టీ ఛైర్మన్‌కి నచ్చకపోయినా ఆపలేడు. 2016లో రిపబ్లికన్ పెద్దల్లో చాలామందికి ట్రంప్ గిట్టలేదు. ఏం చేయగలిగారు?

టికెట్ ఇచ్చేది డెలిగేట్లు, అంటే రాష్ట్రాల నుంచి వచ్చే పార్టీ ప్రతినిధులు. రాష్ట్రాల వారీగా ఓటింగ్ జరిగి, వచ్చిన ఓట్లను బట్టి అభ్యర్థులకు డెలిగేట్లు పడతారు. వేసవిలో జరిగే పార్టీ కన్వెన్షన్‌లో సగం కంటే ఎక్కువ మంది ఎవరివైపు ఉంటే వాళ్లదే టికెట్. చాలా రాష్ట్రాల్లో ప్రైమరీ, అంటే మామూలు బ్యాలట్. మా అయోవాలో కాకస్ ఉండేది, అంటే అందరూ ఒకచోట చేరి తేల్చుకోవడం, దాని సరదా వేరు.

2008 జనవరి 3న నేను స్టూడెంట్‌ని, ఓటు లేదు, ఊరికే చూడ్డానికి వెళ్లాను. బయట ఎముకలు కొరికే చలి. లోపల స్కూల్ జిమ్‌లో ఒబామా వాళ్లు ఒక మూల, హిల్లరీ వాళ్లు ఇంకో మూల, ఎడ్వర్డ్స్ వాళ్లు మరో మూల నిలబడ్డారు. రహస్య ఓటు లేదు, మీ పక్కింటాయన ఎటు నిలబడ్డాడో మీకు కనిపిస్తుంది. మామూలుగా 15 శాతం మంది కూడా లేని గుంపు లెక్కలోకి రాదు. అప్పుడు మొదలవుతుంది అసలు తమాషా. ఆ చిన్న గుంపుల వాళ్ల చుట్టూ మిగతావాళ్లు చేరి "మావైపు రండి, మావైపు రండి" అని బతిమాలడం. ఒబామా గెలిచాడు, హిల్లరీ మూడో స్థానం. తెల్లవాళ్లు ఎక్కువున్న రాష్ట్రంలో గెలిచాడనగానే, "ఈయన నెగ్గుతాడా" అని ఆగి చూస్తున్న వాళ్లంతా కదిలారు. అయోవాలో వచ్చే డెలిగేట్లు పిడికెడే. దాని విలువంతా వరసలో ముందుండటంలోనే ఉంది.

రిపబ్లికన్లది ఇంత డ్రామా కాదు. ప్రసంగాలు విని, చీటీ మీద పేరు రాసి ఇచ్చేస్తారు. ఇక 2020లో డెమోక్రాట్ల యాప్ మొరాయించి ఫలితం రోజుల తరబడి తేలలేదు. 2024కి డెమోక్రాటిక్ పార్టీ మమ్మల్ని తీసి సౌత్ కరోలినాను ముందు పెట్టింది. మా ఊరి హోటళ్ల వాళ్లు ఇప్పటికీ తిట్టుకుంటుంటారు, నాలుగేళ్లకోసారి వచ్చే పండగ పోయిందని.

ఓరుగల్లు_పిల్లగాడు:
బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ అసలు ఆట డెలిగేట్ల లెక్కల ఉంటది. 2008ల నేను డల్లాస్‌ల చదువుకుంటున్న, ఆ లెక్కలు చూసుకుంట కూసునేటోణ్ణి.

ఫిబ్రవరి 5న సూపర్ ట్యూస్‌డే, అంటే చాలా రాష్ట్రాలు ఒక్కనాడే ఓటేసే మంగళవారం. న్యూజెర్సీల 11 లక్షల మందికి పైన ఓట్లేసిన్రు, హిల్లరీ గెలిచింది. డెలిగేట్లు 59–48, అంటే ఆమెకు 11 ఎక్కువ. అదే రోజు ఐడహో అనే చిన్న రాష్ట్రంల కాకస్ అయింది, వచ్చినోళ్లు 20 వేల చిల్లర. ఒబామాకు 15, ఆమెకు 3. అంటే ఆయనకు 12 ఎక్కువ! డెమోక్రాట్లల ఓట్ల శాతాన్ని బట్టి డెలిగేట్లను పంచుతరు. అందుకని పెద్ద రాష్ట్రంల కొంచెం తేడాతోని గెలిచేకంటే, ఎవ్వరు పట్టించుకోని చిన్న రాష్ట్రంల ఏకపక్షంగ గెలిచుడే లాభం. ఒబామా మనుషులు ఈ చిన్న రాష్ట్రాలల్ల ముందుగాల్నే ఆఫీసులు తెరిచిన్రు. హిల్లరీ వాళ్లు కాలిఫోర్నియా, న్యూయార్క్ అనుకుంట తిరిగిన్రు.

మా టెక్సాస్‌ల ఇంకా విచిత్రం. అప్పట్ల పగటిపూట ప్రైమరీ, రాత్రి కాకస్, రెండూ ఒక్కనాడే ఉండేటివి. ప్రైమరీ హిల్లరీ గెలిచింది. కాకస్ కూడా కలిపితే ఒబామాకు 99, ఆమెకు 94. "టెక్సాస్ గెలిచింది ఎవరు?" అని అడిగితే ఇప్పటికీ రూమ్మేట్ల నడుమ లొల్లే.

రిపబ్లికన్లు వేరే తీరు. 2016ల సౌత్ కరోలినాల ట్రంప్‌కు వచ్చింది 32.5 శాతం ఓట్లు. డెలిగేట్లు 50కి 50! రూబియో, క్రూజ్ ఇద్దరూ చెరి 22 శాతం పంచుకొని సున్నా తెచ్చుకున్నరు. ఎదుటోళ్లు చీలితే మూడో వంతు ఓట్లతోని కూడా మొత్తం ఊడ్చుకపోవచ్చు.

కాకినాడ_కాజా:
11 లక్షల ఓట్ల కంటే 20 వేల ఓట్ల రాష్ట్రం ఎక్కువిచ్చిందా! సరే, మరి కమల సంగతి?

తెనాలి_ఫణి:
కమలది ప్రత్యేకమైన కేసు. ప్రైమరీల్లో డెలిగేట్లు దాదాపు అందరూ బైడెన్ తరఫున ఎన్నికైనవాళ్లు. ఆయన తప్పుకోగానే వాళ్లకి బంధం తెగిపోయింది, ఎవరికైనా వేయొచ్చు. బైడెన్ ఆవిడ పేరు చెప్పాడు, ఒక్కో రాష్ట్ర డెలిగేషన్ అటే మొగ్గింది, ఎదురు నిలబడిన పెద్ద నాయకుడెవరూ లేరు. కన్వెన్షన్ కంటే ముందే ఆగస్టు మొదటి వారంలో ఆన్‌లైన్ ఓటింగ్‌తో తేల్చేశారు. కాబట్టి నిబంధన ఏదీ దాటలేదు. "మమ్మల్నెవరూ అడగలేదే" అని కొందరు ఓటర్లకు అనిపించింది, అదీ నిజమే.

అసలు ఈ ప్రైమరీల గోల ఇంతగా పెరిగింది 1968 తర్వాత. ఆ ఏడు హంఫ్రీ ప్రైమరీల్లో దిగకుండానే డెమోక్రాటిక్ అభ్యర్థి అయ్యాడు. షికాగో కన్వెన్షన్ బయట పోలీసులు నిరసనకారులను చితకబాదారు, లోపల అరుపులు. తర్వాత కమిషన్ వేసి రూల్స్ మార్చారు. ఓటర్లదే పైచేయి అయింది. మళ్లీ 80ల్లో పార్టీ పెద్దలు సూపర్‌డెలిగేట్లు అంటూ తమకు కొన్ని సీట్లు ఉంచుకున్నారు. 2016లో హిల్లరీతో టికెట్‌కి పోటీపడ్డ శాండర్స్ వర్గం దానిమీద గొడవ చేసింది. 2018 నుంచి పోటీ తేలని పక్షంలో మొదటి రౌండ్‌లో వాళ్లకు ఓటు లేదు.

షార్లెట్_వదిన:
ఊరు షార్లెట్ పక్కన అంటే అందరికీ తెలుస్తుందని ఆ పేరు పెట్టుకున్నా, మా ఇల్లు మాత్రం సౌత్ కరోలినా వైపు, ఫోర్ట్ మిల్‌లో. ఈ రాష్ట్రంలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు రాయక్కర్లేదు, రెండు ప్రైమరీల్లో ఏదో ఒకదానికి వెళ్లొచ్చు.

2020లో బైడెన్ పని అయిపోయిందనుకున్నారు. అయోవాలో నాలుగో స్థానం, న్యూ హ్యాంప్‌షైర్‌లో ఐదో స్థానం. టీవీ చర్చల్లో ఆయన్ను మాజీ అన్నట్టే మాట్లాడేవారు. ఫిబ్రవరి 26న మా రాష్ట్రపు కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించాడు. ఇక్కడి నల్లజాతి ఓటర్లకు ఆయన మాటంటే గురి, మా డెమోక్రాటిక్ ప్రైమరీలో సగానికి పైగా వాళ్లే. నాతో పనిచేసే పెద్దావిడ ఒకరు ఆ రోజే అన్నారు, "ఇక అటూ ఇటూ చూసేదేం లేదు" అని. 29న దాదాపు సగం ఓట్లు బైడెన్‌కే. తర్వాత మూడు రోజుల్లో బుటిజెజ్, క్లోబుషార్ తప్పుకుని ఆయన వెనక నిలబడ్డారు. సూపర్ ట్యూస్‌డే నాడు 14 రాష్ట్రాల్లో 10 ఆయనవి. 2016లో రిపబ్లికన్లు చేయలేకపోయింది ఇదే, సమయానికి ఒకరి వెనక చేరడం.

డబ్బుతో గెలుస్తారనేవాళ్లకు ఒక మాట. అదే పోటీలో కుబేరుడు బ్లూమ్‌బర్గ్ దాదాపు వంద కోట్ల డాలర్లు గుమ్మరించాడు. గెలిచింది అమెరికన్ సమోవా ఒక్కటే.

ఫ్రిస్కో_గోదారోడు:
ప్రైమరీ దాకా బాగానే ఉంటుందండీ. నవంబర్ వచ్చేసరికి మా టెక్సాస్‌ని అడిగేవాడుండడు. 40 ఎలక్టర్ ఓట్లు (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఈ ఎలక్టర్లే), 2024లో ట్రంప్ దాదాపు 14 శాతం తేడాతో గెలిచాడు. నా ఓటు అటేసినా ఇటేసినా ఒకటే. పెన్సిల్వేనియాలో ఉండే మా బావమరిది మాత్రం అక్టోబర్ అంతా తలుపు కొట్టేవాళ్లతో, పోస్టులో కరపత్రాలతో విసిగిపోయాడు. అల్లుడికి జరిగినట్టు జరుగుతాయి మర్యాదలు.

కాజా గారూ, లెక్క ఇది. మొత్తం 538 ఎలక్టర్లు, 270 వస్తే అధ్యక్షుడు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా అన్నిచోట్లా, ఒక్క ఓటు తేడాతో గెలిచినా ఆ రాష్ట్రం మొత్తం గెలిచినవాడిదే. హిల్లరీ కాలిఫోర్నియాలో 40 లక్షల పైచిలుకు మెజారిటీ తెచ్చుకున్నారు, అక్కడ మిగులు ఓట్లు ఎందుకూ పనికిరాలేదు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 80 వేల లోపు తేడాతో పోగొట్టుకున్నారు. అక్కడే అయిపోయింది. 2000లో గోర్ అయితే ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో పోయాడు, దేశం మొత్తం మీద ఐదు లక్షలు ఎక్కువొచ్చినా సరే.

అట్లాంటా_ఆవకాయ:
జార్జియాలో 2020లో దాదాపు 50 లక్షల ఓట్లు పోలైతే తేడా 11,779. మన దగ్గర ఒక అసెంబ్లీ నియోజకవర్గం మెజారిటీ అంత. దానితో 16 ఎలక్టర్లు ట్రంప్ వైపు నుంచి బైడెన్ వైపు. తర్వాత చేతులతో కూడా లెక్కపెట్టారు, ఫలితం మారలేదు.

మేం జాన్స్ క్రీక్, అల్ఫరెటా వైపు తెలుగు ఓటర్లకు ఫోన్లు చేసేవాళ్లం. కొవిడ్ కదా, తలుపులు కొట్టే పరిస్థితి లేదు. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే స్పామ్ అనుకుని పెట్టేసేవారు. "నమస్కారమండీ, బాగున్నారా" అంటే ఆగేవారు. "ఏ ఊరు మీది" అని వాళ్లే అడిగి, నరసరావుపేట అనో నిజామాబాద్ అనో తేలాక గానీ ఓటు సంగతి వచ్చేది కాదు. ఎవరికి వేస్తారన్నది అడిగితే చాలామంది చెప్పరు. మేం కూడా దాన్ని పట్టుకుని కూర్చోకుండా ముందస్తు ఓటింగ్ ఎక్కడ, ఏ గుర్తింపు కార్డు కావాలి అన్నవే చెప్పేవాళ్లం. పక్క పార్టీ తెలుగువాళ్లు కూడా ఇదే పని చేస్తున్నారని తర్వాత తెలిసింది. ఒకే ఇంటికి రెండువైపుల నుంచీ ఫోన్లు.

ఒమాహా_మాస్టారు:
నెబ్రాస్కా పేరెత్తారు కాబట్టి. మా రాష్ట్రానికి 5 ఓట్లు. రెండు రాష్ట్రమంతటి విజేతకు, మూడు ఒక్కో కాంగ్రెస్ జిల్లాకు ఒకటి చొప్పున. రాష్ట్రం రిపబ్లికన్లదే, ఒమాహా జిల్లా మాత్రం 2008, 2020, 2024ల్లో డెమోక్రాట్లకు ఒక ఓటు ఇచ్చింది. 2024లో ఇళ్ల ముందు తెల్ల బోర్డు మీద నీలం (డెమోక్రాట్ల రంగు) చుక్క ఒక్కటే, అక్షరం ముక్క లేదు. ఆ సెప్టెంబర్‌లో అయిదు ఓట్లూ రాష్ట్ర విజేతకే పోయేలా రూల్ మార్చాలని గట్టిగా ప్రయత్నించారు, మైక్ మెక్‌డానల్ అనే రిపబ్లికన్ రాష్ట్ర సెనేటర్ ఒప్పుకోకపోవడంతో ఆగింది.

ఓరుగల్లు_పిల్లగాడు:
నన్నడిగితే ఈ ఎలక్టోరల్ కాలేజీ, అంటే ఎలక్టర్ల పద్ధతి, తీసేస్తేనే మంచిది. మనిషికో ఓటు, ఎక్కువొచ్చినోడే గెలవాలె.

ఫ్రిస్కో_గోదారోడు:
తమ్ముడూ, తీసేస్తే అందరూ న్యూయార్క్, హ్యూస్టన్, లాస్ ఏంజిలెస్ చుట్టూనే తిరుగుతారు. విస్కాన్సిన్ పాడి రైతు మొహం ఎవడు చూస్తాడు? పైగా 2024లో ట్రంప్ ఎటైనా మొగ్గే ఏడు స్వింగ్ స్టేట్లూ గెలిచి 312 తెచ్చుకున్నాడు, దేశం మొత్తం ఓట్లలోనూ ముందున్నాడు. ప్రతిసారీ పద్ధతిని తిట్టుకుంటే కుదరదు.

ఓరుగల్లు_పిల్లగాడు:
ఇప్పుడు మటుకు ఆ రైతు తప్ప వేరే రైతు మొహం ఎవడన్న చూస్తుండా అన్నా? మన టెక్సాస్ రైతు సంగతేంది?

కాకినాడ_కాజా:
మీరిద్దరూ కొట్టుకోండి. ట్రంప్‌తో ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకులది మా గోదావరి వైపు వడ్లూరు అని 2024లో ఇక్కడి టీవీల్లో ఒకటే హడావుడి. దానివల్ల తెలుగు ఓట్లు అటు పడ్డాయా?

షార్లెట్_వదిన:
పెళ్లిళ్లలో మాట్లాడుకోడానికి బాగా పనికొచ్చింది. ఓటు దగ్గరకొచ్చేసరికి మా చుట్టూ వీసాలు, పన్నులు, పిల్లల స్కూళ్లు, ధరలు, వీటి గురించే మాటలు.

కొత్తగా_వచ్చా:
నేను హెచ్1బీ మీద మిషిగన్‌లో ఉంటా. ఓటు లేదని తెలుసు. ప్రచారంలో పాల్గొనొచ్చా?

అట్లాంటా_ఆవకాయ:
జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా ఫోన్లు చేయొచ్చు, తలుపులు కొట్టొచ్చు. చందా మాత్రం ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డ్ ఉంటే చందా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం సిటిజన్ అయ్యాకే. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఇచ్చే ఫారంలో "ఓటరుగా నమోదు చేయాలా" అని ఒక గడి ఉంటుంది, చూడకుండా టిక్ పెట్టొద్దు. సిటిజన్ కానివాళ్లు అలా నమోదైతే తర్వాత పౌరసత్వం అప్లికేషన్ దగ్గర పెద్ద చిక్కు.

కాకినాడ_కాజా:
అక్కకి పోయినేడు పౌరసత్వం వచ్చింది, ఎడిసన్‌లో ఉంటుంది. ప్రైమరీలో వేయాలంటే ముందే పార్టీలో చేరాలా?

తెనాలి_ఫణి:
న్యూజెర్సీలో ఏ పార్టీ అనీ రాయకుండా నమోదై ఉంటే, ప్రైమరీ రోజు పోలింగ్ బూత్‌లోనే పార్టీ చెప్పి వేయొచ్చు. పక్కనున్న పెన్సిల్వేనియాలో అలా కుదరదు, గడువులోగా పార్టీ పేరుతో నమోదై ఉండాలి. మీ అక్కగారి ప్రైమరీ జూన్‌లో వస్తుంది, అప్పటికి అధ్యక్ష అభ్యర్థి తేలిపోయే ఉంటాడు సాధారణంగా. అయినా వెళ్లమనండి, అదే బ్యాలట్ మీద కాంగ్రెస్‌కు, కౌంటీకి నిలబడేవాళ్లూ ఉంటారు. ముందు ఓటరు నమోదు చూసుకోమనండి, దానికి గడువు ఎన్నికకు 21 రోజుల ముందు.